బాణం నొక్కే ముందు పది సెకన్లు

(ఒక శాఖా గ్రంథాలయంలో ఆదివారం సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. గ్రంథాలయాధికారి గారు నన్ను పిలిచినప్పుడు, "పిల్లలు ఫోన్లలో ఒకళ్ల మీద ఒకళ్లు విరుచుకుపడుతున్నారమ్మా, వాళ్లకి నాలుగు మంచి మాటలు చెప్పండి" అన్నారు. వచ్చి చూస్తే పిల్లలూ ఉన్నారు, వాళ్ల తాతయ్యలూ ఉన్నారు. మంచిదే. ఈ విషయం అన్ని వయసుల వాళ్లకీ కావలసిందే.

మర్యాద అంటే చాలా పెద్ద సంగతి. అదంతా నేను మాట్లాడలేను. ఒక చిన్న పని గురించి మాత్రం చెబుతాను. ఆన్‌లైన్ చర్చల్లో ఎవరైనా ఒక మాట రాస్తే దాని పక్కన ఒక పై బాణం, ఒక కింది బాణం ఉంటాయి. కొన్ని చోట్ల బొటనవేలు బొమ్మ ఉంటుంది. అప్‌ఓటు, డౌన్‌ఓటు అంటారు. నచ్చితే పైది, నచ్చకపోతే కిందది నొక్కేసి మన దారిన మనం పోతాం. ఆ నొక్కడం గురించే ఇవాళ నా మాటలు.

ముందు ఒక అబ్బాయి సంగతి. నా దగ్గర పాలిటెక్నిక్ రెండో సంవత్సరం చదివాడు. ఎక్కువ మాట్లాడడు. వెనక బెంచీలో కూర్చుని, చెప్పినవన్నీ రాసుకునే పిల్లవాడు. ఒక రాత్రి అతను జావా అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాం ఎక్కడో ఆగిపోయింది. రెండు గంటలదాకా తంటాలు పడి, చివరికి విద్యార్థులు ఎక్కువగా ఉండే ఒక చర్చావేదికలో మొదటిసారి ప్రశ్న పెట్టాడు. తనకి వచ్చిన ఇంగ్లీషులో "సార్, అర్జెంట్, ప్లీజ్ హెల్ప్" అని మొదలుపెట్టి, కంప్యూటర్ తెరని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టాడు. గంట తిరక్కుండా ప్రశ్న పక్కన మైనస్ 5. కింద ఒక్క అక్షరం లేదు. పొద్దున్నే స్టాఫ్ రూముకి వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టి, "నేనేం తప్పు చేశాను మేడం?" అన్నాడు.

నేను చదివాను. న్యాయంగా చెప్పాలంటే అది సరిగ్గా అడిగిన ప్రశ్న కాదు. ఫోటోలో ఉన్న ప్రోగ్రాంని ఎవరూ కాపీ చేసుకుని నడిపి చూడలేరు. ఏ లైనులో ఎర్రర్ వస్తోందో అతను రాయలేదు. తెర కూడా వంకరగా వచ్చింది, సగం అక్షరాలు మెరుపులో కలిసిపోయాయి. ఆ ఐదుగురి తీర్పు తప్పని నేను అనను. కానీ "ఫోటో తీసేసి ప్రోగ్రాం టైప్ చేసి పెట్టు, ఎర్రర్ ఏమని వచ్చిందో రాయి" అని ఐదుగురిలో ఒక్కరైనా చెప్పి ఉంటే? ఆ వాక్యం రాయడానికి పది సెకన్లు పడుతుంది. ఐదుగురికీ ఆ పది సెకన్లు లేకపోయాయి. ఆ అబ్బాయి మాత్రం రోజంతా అదే ఆలోచిస్తూ తిరిగాడు.

ఇంతకీ ఆ బాణానికి అర్థం ఏమిటి? అది పెట్టినవాళ్లు ఏమనుకుని పెట్టారు? రెడిట్ అనే పెద్ద చర్చావేదిక 2005లో మొదలైంది. అక్కడ చాలాకాలంగా ఒక మర్యాదల పట్టిక ఉంది. చర్చకు ఏమాత్రం ఉపయోగపడని దానికి, ఆ చోటికి సంబంధం లేని దానికి కింది బాణం నొక్కండి, మీకు నచ్చలేదన్న కారణంతో నొక్కకండి అని అందులో స్పష్టంగా ఉంది. ప్రోగ్రామర్ల ప్రశ్నలకి జవాబులు దొరికే స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో వచ్చింది. అక్కడ జవాబు పక్కన కింది బాణం మీద మౌస్ పెడితే, ఈ జవాబు ఉపయోగపడదు అన్న అర్థం వచ్చే మాటలు కనిపిస్తాయి. ఒప్పుకోను అని ఉండదు, ఉపయోగపడదు అని ఉంటుంది. ఈ తేడా చాలా పెద్దది.

స్టాక్ ఓవర్‌ఫ్లో వాళ్లు ఇంకో పని కూడా చేశారు, అది నాకు చాలా నచ్చింది. అక్కడ మంచి జవాబులు రాస్తే పాయింట్లు వస్తాయి. 15 పాయింట్లు ఉంటే పై బాణం నొక్కవచ్చు. కింది బాణం నొక్కాలంటే 125 ఉండాలి. ఎవరి జవాబుకైనా కింది బాణం నొక్కితే రాసినవాళ్లకి 2 పాయింట్లు పోతాయి, నొక్కినవాళ్లకి కూడా 1 పోతుంది. అంటే ఎదుటివాళ్ల మాటని తోసిపుచ్చాలంటే మన జేబులోంచి కూడా ఒక రూపాయి పెట్టాలి. ఆ రూపాయి పెద్ద మొత్తమేమీ కాదు. కానీ జేబులోకి చెయ్యి వెళ్లేలోపు మనిషి ఒకసారి ఆలోచిస్తాడు.

మరి ఆ పట్టికల ప్రకారం జనం నడుచుకుంటున్నారా అంటే, లేదు. నచ్చనిదానికే నొక్కుతున్నారు. నేనూ చాలాకాలం అలాగే నొక్కాను. బాణం బొమ్మ చూస్తే అవునా, కాదా అని అడుగుతున్నట్టే ఉంటుంది మరి. అందుకే ఈ రెండు ప్రశ్నల్ని మనమే మనసులో విడదీసుకోవాలి. నేను దీన్ని ఒప్పుకుంటానా అన్నది ఒకటి. దీనివల్ల చర్చ ఒక అడుగు ముందుకి వెళ్లిందా అన్నది రెండోది. బాణం రెండోదానికి.

ఒక ఉదాహరణ చెబుతాను. 2019లో మన ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మీద ఎంత వాదన నడిచిందో మీకందరికీ గుర్తుండే ఉంటుంది. నేను తెలుగు మీడియం వైపు. పసిపిల్లకి ఇంట్లో వినే భాషలోనే మొదటి చదువు చెప్పాలని ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను. ఆ రోజుల్లో ఒక చర్చలో ఒక హోటల్ కార్మికుడు రాసింది చదివాను. అతను పనిచేసే చోట ఇంగ్లీషు వచ్చిన కుర్రాళ్లని ముందు కౌంటర్లో పెడతారట, రానివాళ్లని వెనక గిన్నెల దగ్గర పెడతారట. ఇద్దరి జీతాల్లో తేడా ఎంతో లెక్క రాశాడు. "నా కూతురు గిన్నెల దగ్గర నిలబడకూడదు" అని ముగించాడు. నేను అతను చెప్పిన దారిని ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఆ రోజు ఆ చర్చలో అంత విలువైన మాట ఇంకొకటి లేదు. నేను పై బాణం నొక్కి, ఆ తర్వాత నా వాదన రాశాను. అప్పటికి అతని మాట మైనస్‌లో ఉంది. నా పక్షం వాళ్లే, అంటే భాష మీద ప్రేమ ఉన్నవాళ్లే, దాన్ని కిందికి తోసేశారు. అది చూసి నాకు సిగ్గేసింది.

ఇక్కడ ఒక ప్రయోగం గురించి చెప్పాలి. లెవ్ ముచ్నిక్, సినాన్ అరాల్, షాన్ టేలర్ అనే ముగ్గురు పరిశోధకులు వార్తల మీద చర్చ జరిగే ఒక వెబ్‌సైటులో దాదాపు ఐదు నెలల పాటు ఒక పని చేశారు. కొత్తగా వచ్చిన కామెంట్లలో కొన్నింటికి లాటరీ తీసినట్టు, చదవకుండానే, ఒక పై ఓటు వేశారు. కొన్నింటికి ఒక కింది ఓటు వేశారు. మిగతావాటిని వదిలేశారు. మొత్తం 1,01,281 కామెంట్లు. ఫలితం 2013లో సైన్స్ అనే పత్రికలో వచ్చింది. ఊరికే ఒక పై ఓటు పడిన కామెంటుని తర్వాత చదివిన మొదటి మనిషి కూడా పై బాణం నొక్కే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి వాటి మార్కులు సగటున 25 శాతం ఎక్కువగా తేలాయి. కామెంటు గొప్పదై కాదు. ముందు ఎవరో నొక్కారు, అంతే.

కింది ఓటు సంగతి వేరుగా ఉంది. అన్యాయంగా ఒక కింది ఓటు పడినప్పుడు, కొంతమంది ఆ దారినే పోయినా, మరికొంతమంది ఆగి పైకి ఓటేసి దాన్ని సరిచేశారు. ఆ నొక్కినవాళ్లెవరో వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వాళ్లు రాసిన మాటా ఏదీ లేదు. ఒక మాట అన్యాయంగా కింద పడిందని గమనించి, దాన్ని లేపి మళ్లీ బల్ల మీద పెట్టి వెళ్లారు. నాకు వాళ్లంటే గౌరవం. ఇకనుంచి మైనస్ 1 కనిపించినప్పుడు మీరు ఒక్కసారి ఆ మాటని పూర్తిగా చదవండి. మొదట నొక్కినవాళ్లు చదివారన్న నమ్మకం లేదు.

అసలు కింది ఓట్లు పడిన మనిషి తర్వాత ఏమవుతాడు? బాగా రాయడం నేర్చుకుంటాడని మనం అనుకుంటాం. నేను టీచర్‌ని కాబట్టి నాకూ అలాగే అనిపించేది, తప్పుకి మార్కులు తగ్గిస్తే పిల్లవాడు సరిదిద్దుకుంటాడని. 2014లో జస్టిన్ చెంగ్, క్రిస్టియన్ డానెస్కు-నికులెస్కు-మిజిల్, యూరే లెస్కోవెచ్ కలిసి నాలుగు పెద్ద వార్తా వేదికల కామెంట్లని పరిశీలించారు. కింది ఓట్లు పడినవాళ్లు ఆ తర్వాత ఇంకా ఎక్కువ రాశారు, ఇంకా నాసిగా రాశారు, పైగా ఇతరుల రాతలకి మరింతగా కింది ఓట్లు వేశారు. దెబ్బ తిన్నవాడు ఇంకొకడిని కొట్టినట్టు. ఏ స్పందనా రానివాళ్లే ఎక్కువగా వదిలి వెళ్లిపోయారు. అంటే మైనస్ గుర్తు ఒక్కటే ఎవరికీ పాఠం చెప్పదు. నేను జవాబు పత్రంలో మార్కులు తగ్గించినప్పుడు పక్కన ఎర్ర పెన్నుతో ఎందుకో రాసేదాన్ని. ఆ రాతే పాఠం.

మొదట చెప్పిన ఆ అబ్బాయితో కూర్చుని ప్రశ్నని మళ్లీ రాయించాను. ప్రోగ్రాం టైప్ చేయించాను, ఎర్రర్ లైను పెట్టించాను, "అర్జెంట్" తీయించాను. మధ్యాహ్నం లోపల రెండు జవాబులు వచ్చాయి. అతను రెండు స్ట్రింగ్‌లు, అంటే అక్షరాల వరసలు, ఒకటేనా అని డబుల్ ఈక్వల్స్ గుర్తుతో పోల్చాడు, జావాలో దానికి ఈక్వల్స్ అనే మెథడ్ వాడాలి. జావా నేర్చుకునే ప్రతివాళ్లూ ఒకసారి పడే గుంటే.

ఇప్పుడు కొంచెం పాత రోజుల్లోకి వెళ్దాం. ఇప్పటి సోషల్ మీడియా ఏదీ లేనప్పుడు యూజ్‌నెట్ అని ఉండేది. ఉత్తరాల్లాంటి చర్చలు, రంగు లేదు, బొమ్మ లేదు. అందులో సాక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు అని మనవాళ్ల గ్రూపు ఒకటి ఉండేది. స్కిట్ అని ముద్దుగా పిలిచేవారు. అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటూ పద్యాల మీద, వంటల మీద, రాజకీయాల మీద చర్చించుకునేవాళ్లు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక పద్ధతి ప్రకారం రాసే ఆర్‌టీఎస్ కూడా ఆ కాలానిదే.

యూజ్‌నెట్‌లో సాక్ లాంటి ముఖ్యమైన వరుసల్లో కొత్త గ్రూపు పెట్టాలంటే ఓటింగ్ జరిగేది. ముందు కొన్ని వారాలు చర్చ. ఆ తర్వాత ఈమెయిల్‌లో ఓటు. వద్దన్నవాళ్లకంటే కావాలన్నవాళ్లు కనీసం 100 మంది ఎక్కువ ఉండాలి, మొత్తం ఓట్లలో మూడింట రెండు వంతులు కావాలనే రావాలి. అయిపోయాక ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో సహా అందరికీ తెలిసేలా పెట్టేవాళ్లు. గ్రామసభలో చెయ్యెత్తినట్టే. రహస్య ఓటు ఎన్నికలకి చాలా అవసరం, అక్కడ భయం లేకుండా ఓటేయాలి. కానీ ఒక మాట మంచిచెడ్డలు తేల్చే చోట, చెయ్యి ఎవరిదో కనిపిస్తే ఆ చెయ్యి కాస్త నిదానంగా లేస్తుంది.

ఆ పద్ధతి ఇప్పటికీ బతికి ఉన్న చోటు ఒకటి మన భాషలోనే ఉంది, తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైంది. మనలో చాలామంది అందులో వ్యాసాలు చదువుతారు, కానీ ప్రతి వ్యాసానికీ వెనక "చర్చ" అనే పేజీ ఉంటుందని చాలామందికి తెలియదు. ఇవాళ ఇంటికి వెళ్లాక ఏదో ఒక వ్యాసం తెరిచి ఆ పేజీ నొక్కి చూడండి. మొత్తం సముదాయం మాట్లాడుకునే పేజీకి వాళ్లు పెట్టుకున్న పేరు రచ్చబండ. ఎంత చక్కటి పేరు! ఊళ్లో రచ్చబండ మీద కూర్చున్నప్పుడు ఎవడూ బాణం నొక్కి పారిపోలేడు. చెప్పాలి, విని కూర్చోవాలి.

అక్కడ ఒక పేజీ ఉంచాలా తీసేయాలా అన్నప్పుడు, ఒకరికి నిర్వాహక బాధ్యత ఇవ్వాలా వద్దా అన్నప్పుడు, మద్దతు అనో వ్యతిరేకం అనో రాస్తారు. రాసి ఊరుకోరు, పక్కన కారణం రాస్తారు, కింద సంతకం పెడతారు. పేరూ సమయమూ పడతాయి. ఇంగ్లీషు వికీపీడియాలో తొలగింపు చర్చల్లో వేసే దాన్ని ఓటు అని కూడా అనరు. ఓటు అన్న మాటకి ముందు ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టి రాస్తారు. ప్రోగ్రామింగ్‌లో ఆ గుర్తుకి కాదు అని అర్థం. అంటే ఇది ఓటు కాదు అని. పదిమంది ఊరికే తీసేయండి అన్నా, ఒక్కరు సరైన ఆధారం చూపించి ఉంచండి అంటే ఆ ఒక్కరి మాటే నెగ్గవచ్చు. తలలు లెక్కపెట్టడం కాదు, కారణాలు తూచడం.

తెలుగు వికీపీడియా చర్చల్లో నాకు అన్నిటికంటే నచ్చేది ఒకటుంది. ఎంత గట్టిగా వాదించుకుంటున్నా ఎదుటివాళ్ల పేరు పక్కన "గారూ" ఉంటుంది. ఇరవై ఏళ్ల కుర్రాడికీ గారే, డెబ్బై ఏళ్ల పెద్దాయనకీ గారే. ఎదుటివాళ్ల వయసు తెలియదు కాబట్టి మన భాషలో ఉన్న ఈ మాట అక్కడ ఎంతో పనిచేస్తుంది. "గారూ, మీరు చెప్పింది తప్పు" అనవచ్చు. తప్పు అన్న మాట ఉంది, మనిషి మీద చెయ్యి పడలేదు.

తెలుగులో గొడవ ఎక్కడ మొదలవుతుందో నేను చాలా చర్చల్లో గమనించాను. మీరు కాస్తా నువ్వు అయిన వాక్యం దగ్గర మొదలవుతుంది. అప్పటిదాకా విషయం మీద నడుస్తుంది. ఎవరో ఒకరు "నీకేం తెలుసు" అంటారు. తర్వాతి వాక్యంలో ఊరు వస్తుంది, దాని తర్వాత యాస వస్తుంది, ఆ తర్వాత "మీ ఇంటిపేరు ఏంటి" అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో ఈ గదిలో అందరికీ తెలుసు. కులం తెలుసుకుని, దాన్నిబట్టి మాటకి విలువ కట్టడానికి. చర్చని అదుపులో ఉంచే మోడరేటర్‌గా ఉన్న ఎవరైనా ఆ ఒక్క ప్రశ్న కనిపించగానే దాన్ని తీసేయాలని నా గట్టి అభిప్రాయం.

సినిమాల సంగతి ఎక్కువ చెప్పను. ట్రైలర్ వచ్చిన అరగంటలో ఒక హీరో అభిమానులు ఇంకో హీరో వీడియో మీద గుంపుగా పడి డిస్‌లైక్ నొక్కడం మీరంతా చూశారు. ఇలాంటి గుంపు దాడుల వల్ల చిన్న చిన్న వీడియోలు చేసుకునేవాళ్లు నలిగిపోతున్నారని యూట్యూబ్ 2021 నవంబరులో డిస్‌లైక్ లెక్కని అందరికీ కనిపించకుండా తీసేసింది. దానివల్ల పనికిరాని వీడియోని ముందే గుర్తుపట్టే వీలు కూడా పోయింది. గుంపుగా నొక్కినవాళ్ల వల్ల అందరికీ ఉపయోగపడే ఒక గుర్తు పోగొట్టుకున్నాం.

ఇక చివరిగా నేను చేసిన పని ఒకటి చెప్పాలి. చెప్పకుండా దిగిపోతే ఇవాళ మాట్లాడిందానికి అర్థం ఉండదు.

తెలుగు మాటల మీద చర్చ జరిగే ఒక చోట నేను చాలాకాలంగా ఉన్నాను. ఒకసారి నేను, "బువ్వ అన్నది పసిపిల్లలతో మాట్లాడేటప్పుడు వాడే మాట, పెద్దవాళ్లు అన్నం అంటారు" అని రాశాను. గుంటూరు దగ్గర పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలిసింది అదే. ఒకాయన కింద రాశాడు: "మా వైపు ఎనభై ఏళ్ల ముసలాయన కూడా బువ్వ తిన్నా అంటాడు మేడం. మీ ఊరి లెక్కని అందరికీ పెట్టకండి." ఆ రెండో వాక్యం నాకు గుచ్చుకుంది. జవాబు రాయలేదు. ఆయన పేరు మీద నొక్కి, పాత రాతలన్నీ తెరిచి, ఒకదాని తర్వాత ఒకటి కింది బాణం నొక్కుకుంటూ పోయాను. పదకొండు. వాటిలో ఒకటి కందిపచ్చడి గురించి, ఇంకొకటి వాళ్ల నాన్నగారి రేడియో గురించి. దేన్నీ చదవలేదు. టీవీలో రాత్రి వార్తలు వస్తున్నాయి, నేను సోఫాలో కూర్చుని నొక్కుతూనే ఉన్నాను.

స్టాక్ ఓవర్‌ఫ్లో లాంటి చోట్ల ఒకరి మీద ఇలా వరసగా ఓట్లు పడితే సిస్టమ్ పసిగట్టి వాటిని వెనక్కి తీసేస్తుంది. నేనున్న చోట అలాంటిది లేదు. మర్నాడు ఆయన ఎవరినీ నిందించకుండా ఒక్క మాట అడిగాడు: "నా పాత పోస్టుల్లో ఏమైనా తప్పులున్నాయా? ఉంటే చెప్పండి, దిద్దుకుంటాను." నేను ఆ వాక్యం చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. సాయంత్రానికి పదకొండు ఓట్లూ వెనక్కి తీసేశాను. కానీ నేనేనని చెప్పలేదు. చెప్పే ధైర్యం రాలేదు.

కొన్ని నెలల తర్వాత ఒక కథలో "బుక్క" అన్న మాట కనిపించి, దానర్థం ఏమిటని అక్కడే అడిగాను. మొదట జవాబిచ్చింది ఆయనే. "ముద్ద అని మేడం. రెండు బుక్కల బువ్వ తిని పో బిడ్డా అని మా అమ్మ అంటుంది. మీ వైపు ఏమంటారు?" అని రాశాడు.

ఈసారి బాణంతో ఊరుకోలేదు. "మా వైపు ముద్ద అంటాం. బువ్వ గురించి ఆ రోజు మీరు చెప్పిందే నిజం, నాది తప్పు. మీ పదకొండు పోస్టుల మీద కింది బాణాలు నొక్కింది కూడా నేనే. చదవకుండా నొక్కాను. క్షమించండి" అని రాశాను. రాసి పంపడానికి పది సెకన్లు సరిపోలేదు, అరగంట పట్టింది. ఆయన "పర్లేదు మేడం" అని రాసి, కింద ఇంకో లైనులో, "కందిపచ్చడి పోస్టు ఇప్పుడు చదవండి, బాగుంటది" అని రాశాడు. చదివాను. ఎండుమిరపకాయలు నూనెలో కాకుండా నిప్పుల మీద కాల్చి వేస్తారట వాళ్లింట్లో. నేను కూడా చేసి చూశాను, నిజంగానే బాగుంది.

ఇక మీరు అడగండి. మైకు ముందు వెనక వరసకి ఇవ్వండి బాబూ, ఆ అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది.